గీతల సీసా

“తప్పు మీ కిడ్నీది కాదండీ, మీది” అంది ఆసుపత్రిలో రోగులకి జాగ్రత్తలు చెప్పే కౌన్సిలరు, నవ్వుతూనే.

మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న బస్సు కండక్టరు ఆ నవ్వు వంకే చూసింది. మాట ఎలాంటిదైనా పెదాలు మాత్రం ఒకే కొలతలో సాగుతున్నాయి. చిల్లర లేదని ప్రయాణికులకి చెప్పేటప్పుడు తనూ అలాంటి నవ్వే నవ్వుతుంది.

రాయి అడ్డం పడి లోపల చీము పట్టిందనీ, దారి మూసుకుపోకుండా ఓ సన్నటి గొట్టం పెట్టామనీ, కొన్ని వారాలు పోయాక గొట్టాన్నీ రాయినీ కలిపి తీసేస్తామనీ కిడ్నీ డాక్టరు పొద్దున గుమ్మంలో నిలబడే చెప్పి వెళ్ళిపోయాడు. మిగతాది కౌన్సిలరు చూసుకుంటుందన్నాడు. మిగతాది అంటే ఇదన్నమాట.

కౌన్సిలరు చిన్నపిల్లే. ఆకుపచ్చ కోటు మీద, గుండెల దగ్గర, ‘మీ ఆరోగ్యం మీ చేతుల్లో’ అని రాసున్న బిళ్ళ పెట్టుకుంది. 

“రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారు?”

“డ్యూటీ ఉన్న రోజా, లేని రోజా?”

“రోజంటే రోజేనండీ.”

“డ్యూటీ ఉంటే పొద్దున ఇంట్లో ఓ గ్లాసు. మళ్ళీ ఇంటికొచ్చాకే.”

కౌన్సిలరు ఆమె భర్త వైపు తిరిగింది. “చూశారా సార్?”

మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే ఆయన, గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజు కనపడకుండా చేతులు వెనక్కి పెట్టుకుని, తనే నేరం చేసినట్టు తలూపాడు. “నేనూ చెబుతూనే ఉంటానమ్మా. వినదు.”

అతను ఎప్పుడు చెప్పాడో ఆమెకు గుర్తు రాలేదు.

“తాగితే ఎక్కడికెళ్ళాలి?” అంది కండక్టరు.

“అంటే?”

“నేను బస్సులో ఉంటాను. ఈ చివరా బాత్రూం లేదు, ఆ చివరా లేదు. తాగమంటున్నారు సరే. ఎక్కడికెళ్ళమంటారు?”

కౌన్సిలరు ట్యాబ్ మీద వేలితో పైకీ కిందికీ జరిపింది. అడగాల్సిన ప్రశ్నలన్నీ అందులో ఉన్నట్టున్నాయి, ఇది మాత్రం లేదు. “అది మీరు ప్లాన్ చేసుకోవాలండీ. టైమ్ మేనేజ్‌మెంట్ అంటాం.”

“టైము నా చేతిలో లేదమ్మా. డిపో చేతిలో ఉంది.”

“కారణాలు వెతుక్కుంటే బోలెడు దొరుకుతాయి. ఒంటి మీద ప్రేమ ఉండాలంతే.” ఆ పిల్ల సంచీలోంచి ఓ ప్లాస్టిక్ సీసా తీసింది. ఆసుపత్రి గుర్తు ఉంది దానిమీద. పక్కన నిచ్చెన మెట్లలా గీతలు. ఒక్కో గీతకీ ఒక్కో గంట. “ఈ టైముకి ఈ గీత, ఆ టైముకి ఆ గీత. అంతే, సింపుల్. గొట్టం ఉన్నన్నాళ్ళూ మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తుంది, అది మామూలే. నీళ్ళు మానేశారో, గొట్టం మూసుకుపోతుంది. జ్వరం, మళ్ళీ ఇక్కడికి. ఈసారి మాత్రం మీ కంపెనీ కట్టదు. సలహా పాటించకుండా జబ్బు తిరగబెడితే అది పేషెంటు నిర్లక్ష్యం కిందికి వస్తుందని మా ఒప్పందంలోనే ఉంది.”

“సార్‌కి కూడా ఓ ఫుల్ చెకప్ చేయిద్దామా? ముందు జాగ్రత్త మంచిది కదా” అని ఆ పిల్ల అతని పొట్ట వైపు చూసింది. అతను ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. మెట్లు దిగేదాకా వదల్లేదు.

*

సెలవు అయిపోయింది. డ్యూటీలోకి దిగిన పొద్దున భర్తే సీసా నింపి, మూత బిగించి, లంచ్ బ్యాగులో నిలబెట్టాడు. “సాయంత్రం చూస్తా” అన్నాడు. స్కూలు పిల్లకి చెప్పినట్టు.

డిపోలో టికెట్ మిషన్ తీసుకుని మెళ్ళో వేసుకుంది. తోలు సంచీ భుజానికి తగిలిస్తే సరిగ్గా గొట్టం ఉన్న పక్కకే ఒరిగింది. రెండో భుజానికి మార్చింది. ఇన్నేళ్ళూ ఎడమ చేత్తో నోట్లు వేళ్ళ మధ్య మడిచి పట్టుకుని, కుడి చేత్తో టికెట్ చింపడం అలవాటు. ఇప్పుడన్నీ తారుమారయ్యాయి.

“ఒంట్లో ఎలా ఉందమ్మాయ్?” అన్నాడు డ్రైవరు, అద్దం తుడుస్తూ. రిటైర్మెంటు దగ్గరికొచ్చిన మనిషి. అందరికీ బాబాయే. తన సర్వీసులో ఒక్క మెమో కూడా లేదని కొత్తగా చేరిన ప్రతి కండక్టరుకీ మొదటి రోజే చెబుతాడు.

“బాగానే ఉంది బాబాయ్.”

మొదటి గీత దాకా తాగింది. బస్సు నిండింది. సీటు కడ్డీకి నడుం ఆనించి నిలబడి, కుదుపు కుదుపుకీ లోపల ఆ గొట్టం ముల్లులా కదులుతుంటే పళ్ళ బిగువున టికెట్లు కొట్టింది. రెండో గీత దాకా తాగింది. చివరి స్టాపుకి వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

చివరి స్టాపంటే ఓ రేకుల షెడ్డు, టీ బండి, పొడుగాటి గోడ. గోడ మీద ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని ఎర్ర రంగుతో రాసుంది. సరిగ్గా ఆ అక్షరాల కిందే డ్రైవరూ, మరో ఇద్దరూ నిలబడి, రోడ్డుకి వీపు తిప్పి, తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. 

ముందొచ్చిన బస్సు మెట్టు మీద పెద్దక్క కూర్చుని ఉంది. ఈ రూటులో తనకంటే ముందు నుంచీ ఉన్న కండక్టరు. పెదాలు ఎండి పగిలి ఉంటాయెప్పుడూ.

“అక్కా, టీ కొట్టతని ఇంట్లో బాత్రూం ఉందన్నావు కదా?”

“వాళ్ళావిడ తాళం వేసేసింది. మనమందరం వాడి కంపు చేస్తున్నామట.” పెద్దక్క సీసా వంక చూసింది. “ఏమిటది? గీతలు కూడానా! పసిపిల్లల మందు సీసాలా ఉందే.”

“తాగకపోతే గొట్టం మూసుకుపోతుందట.”

“ఈ ఉద్యోగంలో చేరిన రోజే నేను నోరు కుట్టేసుకున్నాను. డ్యూటీ దిగేదాకా చుక్క ముట్టను. తల పోటొస్తే రానీ. పోటును ఆపుకోవచ్చు. దీన్ని ఆపుకోగలమా?”

డ్రైవరు ప్యాంటు సర్దుకుంటూ వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. బస్సు కదిలింది.

తిరుగు దారి సగంలో ఆమెకు ఇక వల్ల కాలేదు. టికెట్ మిషన్ మీద అంకె తప్పు నొక్కింది. ఎదురుగా ఆసుపత్రి స్టాపు కనపడింది. బస్సు ఆగీ ఆగకముందే, “బాబాయ్, ఒక్క నిమిషం” అని దూకింది.

గాజు తలుపు దగ్గర సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు. “ఎవరికోసం మేడమ్?”

“బాత్రూం కోసం.”

“పేషెంటా?”

“మొన్నే ఇక్కణ్ణుంచి వెళ్ళాను. నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి కారు దాకా తోసింది నువ్వే.”

అతను గుర్తుపట్టేలోగా చేతి కిందనుంచి దూరి వెళ్ళిపోయింది. లోపల హాల్లో గాజు గోడ మీదుగా పై నుంచి కిందికి నీళ్ళు జారుతున్నాయి, అందం కోసం. ఆ గలగల వింటుంటే ప్రాణం పోయినంత పనయ్యింది. బాత్రూంలో సువాసన, చల్లటి టైల్సు, మెత్తటి కాగితం. తలుపు గడియ పెట్టుకుని, గోడకి తల ఆనించి, కాసేపు ఏడ్చింది. నొప్పికి కాదు, సుఖానికి.

బయటికొచ్చేసరికి డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు.

“మీ ఇంటి బస్సనుకున్నారా?” చేతి బ్యాగు ఒళ్ళో పెట్టుకున్న ఒకాయన మొదలెట్టాడు. “ఆఫీసులో మాకు సంతకాలు ఎవరు పెడతారు?”

“డ్యూటీలో షికార్లు” అన్నారెవరో వెనక నుంచి.

“బాత్రూంకి వెళ్ళాను” అంది ఆమె.

కిటికీ పక్క కూర్చున్నావిడ మొహం చిట్లించింది. “ఛీ, అందరిముందూ ఏం మాటలవి? ఆడపుట్టుక పుట్టాక ఆమాత్రం ఆపుకోలేవా? మేమంతా ఆపుకోవడం లేదూ?”

ఒళ్ళు మండిపోయింది. జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, బెల్లు లాగింది. అద్దంలోంచి డ్రైవరు చూపు చురుక్కుమంది. 

“ఇంకోసారి ఇలా చెయ్యకమ్మాయ్” అన్నాడు, డిపోలో దిగుతూ. 

*

ఇంకోసారి చేసింది. తప్పలేదు. ఆ మర్నాడు మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు.

మేనేజరు టేబుల్ మీద మంచినీళ్ళ జగ్గు, గ్లాసు ఉన్నాయి. గ్లాసు మీద మూత. ఆయన వెనక ఓ తలుపుంది, దానిలోంచి ఫినాయిలు వాసన వస్తోంది. ఆమె చూపు ఆ తలుపు దగ్గరే ఆగిపోయింది.

“ప్యాసింజర్లు ఫిర్యాదు చేశారు. సరే, వాళ్ళు చేస్తూనే ఉంటారు. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు చూడూ, అది ముఖ్యం. యూనిఫాం వేసుకుని లాబీలోకి దూసుకెళ్తున్నావట. వాళ్ళు మనకి టై-అప్. రేపు ఎవరికే జబ్బొచ్చినా వాళ్ళ దగ్గరికే పోవాలి. వాళ్ళతో గొడవేంటి నీకు?”

“గొడవేం లేదు సార్. వాళ్ళు తాగమన్న నీళ్ళు వాళ్ళకే ఇచ్చొచ్చాను.”

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. మేనేజరు నవ్వలేదు. 

“నిన్ను నీళ్ళు తాగొద్దని నేనన్నానా?”

“బస్సు ఆపొద్దన్నారు.”

“అవును.”

“రెండూ ఒకటే సార్.”

“ఎలా ఒకటవుతాయి? ఒకటి నీ ఆరోగ్యం, ఒకటి నా షెడ్యూలు. నీ ఆరోగ్యం నువ్వు చూసుకో, నా షెడ్యూలు నేను చూసుకుంటాను.”

“చివరి స్టాపులో ఓ చిన్న గది కట్టిస్తే చాలు సార్. పెద్దక్క చేరినప్పట్నుంచీ అడుగుతోంది.”

“స్థలం మనది కాదు. ఫైలు నడుస్తోంది.” ఆయన కాగితం ఒకటి ముందుకి జరిపాడు, ఆమె వైపు కాదు, డ్రైవరు వైపు. “బండి ఆపింది నువ్వు. మెమో నీకే. సంతకం పెట్టు.”

డ్రైవరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ కాగితాన్ని పై నుంచి కిందిదాకా చదివి, పెన్ను తడిమి తీసి, చిన్న పిల్లాడు రాసినట్టు ఒక్కో అక్షరం నొక్కి సంతకం పెట్టాడు.

వరండాలోకి వచ్చాక ఆమె, “బాబాయ్…” అంది.

“నాతో మాట్లాడకు” అన్నాడాయన. “ఇన్నేళ్ళ సర్వీసు. గచ్చులా ఉంచుకున్నాను, మరక లేకుండా. చివర్లో దీనికోసమా!” దేనికోసమో ఆ మాట ఆయన నోట రాలేదు.

ఆ రోజు బస్సు ఆపమని అడగలేదు. ట్రిప్పు మధ్యలో, ఆసుపత్రి స్టాపులో ట్రాఫిక్‌కి బస్సు దానంతటదే ఆగిపోయింది. ముందు లారీ అడ్డం పడి ఉంది. ఆమె దిగి పరిగెత్తింది.

సెక్యూరిటీ అతను ఈసారి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పక్కన గాజు మీద కొత్తగా అంటించిన నోటీసు చూపించాడు. ఈ రోజు అపాయింట్‌మెంట్ చీటీ ఉన్నవాళ్ళకీ, వాళ్ళతో వచ్చిన ఇంటివాళ్ళకీ మాత్రమే ప్రవేశం. “నా ఉద్యోగం పోతుందమ్మా. మీకోసమే అంటించారు ఇది” అన్నాడు, గొంతు తగ్గించి.

అటుగా వెళ్తున్న కౌన్సిలరు ఆగింది. 

“మీరేనా! మీ గురించే మీటింగులో తిట్టారు నన్ను. ఇది హాస్పిటలండీ, పబ్లిక్ టాయ్‌లెట్ కాదు.”

“మీరు చెప్పినట్టే తాగుతున్నానమ్మా. ఇదిగో, గీత కూడా దాటాను. బాధ్యత నాదన్నారు, ఒప్పుకున్నాను. లోపలికి పోనివ్వండి, పుణ్యముంటుంది.”

“మీకు ఒప్పుకుంటే రేపు అందరికీ ఒప్పుకోవాలి.” ఆ పిల్ల చుట్టూ చూసింది. నవ్వు పోయింది ఈసారి. “చూడండి, మీ ఫైల్లో ‘సహకరించడం లేదు’ అని రాయమంటున్నారు పైవాళ్ళు. ఆ ఒక్క మాట రాస్తే మీ వైద్యానికి ఇంక కంపెనీ డబ్బు కట్టదు. నాతో రాయించుకోకండి.”

బెదిరింపో బతిమాలటమో అర్థం కాలేదు. వెనక లారీ కదిలింది. బస్సు హారన్ మోగింది, ఒక్కసారే, పొడవుగా.

మిగతా దారంతా ఎలా నిలబడిందో ఆమెకే తెలియదు. ఇంటికి వెళ్ళేసరికి చీర కుచ్చిళ్ళు చేత్తో బిగించి పట్టుకుని ఉంది. బాత్రూంలో చూసుకుంటే ఎర్రగా ఉంది. నీళ్ళు కొట్టేసింది. భర్తకి చెప్పలేదు.

*

అతను ప్రతి సాయంత్రమూ దుకాణం కట్టేసి రాగానే ముందు సీసా అడుగుతున్నాడు. ట్యూబ్‌లైటు కింద ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, గీత చూస్తాడు. మిక్సీ మోటారు చుట్టు చూసినట్టు.

“సగం కూడా కాలేదు.”

“కుదర్లేదు.”

“ఎందుకు కుదరదు? నీ ఒంటి మీద నీకే శ్రద్ధ లేకపోతే ఎవరికుంటుంది? రేపు మళ్ళీ పడుకుంటే ఈ కొంప ఎలా గడవాలి? ఆ అమ్మాయి ఎంత వివరంగా చెప్పింది! చదువుకున్న పిల్ల, నీకు కూతురుంటే ఆ వయసుండేది…”

“ఆ అమ్మాయినే కాపురానికి తెచ్చుకోలేకపోయావా? గీతలు కొట్టుకుంటూ కూర్చుందురు ఇద్దరూ.”

“నీ కోసమేగా చెప్తున్నా!”

“నా కోసం చెప్పేవాళ్ళు ఎక్కువైపోయారు. డాక్టరు నా కోసమే, కౌన్సిలరు నా కోసమే, మేనేజరు నా కోసమే. ఒక్కళ్ళయినా ఓ తలుపు తెరవండయ్యా!”

కంచం పక్కకి తోసి లేచిపోయింది. అతను సీసా కడిగి, బోర్లించాడు.

మర్నాటి నుంచి సీసా ఖాళీ అవడం మొదలెట్టింది. 

చివరి స్టాపులో, అందరూ టీ బండి దగ్గర ఉండగా, ఆమె బస్సు వెనక్కి వెళ్ళేది. మూత తీసి, వెలుగుకి ఎదురుగా పట్టుకుని, సన్నటి ధారగా మట్టిలోకి ఒంపేది. గంటకి తగ్గ గీత రాగానే ఆపేది. ఒక చుక్క ఎక్కువ పోకుండా, తక్కువ పోకుండా. నాలిక పిడచగట్టుకుపోయి ఉండేది. ఆ ధార చూస్తుంటే గొంతు దానంతటదే మింగేది. మట్టి మాత్రం ఎంత పోసినా ఇట్టే పీల్చేసుకునేది.

అలా ఒంపుతుండగానే ఒకసారి ఫోన్ మోగింది. కౌన్సిలరు.

“ఎలా ఉన్నారండీ? బాటిల్ ఖాళీ అవుతోందా?”

“అవుతోందమ్మా.”

“టైము ప్రకారం?”

“గీత ప్రకారం.”

“సూపరండీ! చూశారా, మనసుంటే ఎలా కుదిరిందో! మీ పేరు పక్కన గ్రీన్ పెడుతున్నాను. సార్‌ని చెకప్‌కి ఎప్పుడు తీసుకొస్తున్నారు?”

“తీసుకొస్తానమ్మా” అని పెట్టేసింది. మిగిలిన ధార ఒంపి, మూత బిగించి తలెత్తితే, బస్సు టైరు పక్కన డ్రైవరు నిలబడి ఉన్నాడు. టైరులో గాలి చూడటానికి వచ్చినట్టున్నాడు, చేతిలో ఇనప కడ్డీ ఉంది. తడిసిన మట్టి వంక చూశాడు. సీసా వంక చూశాడు. ఆమె పెదాలు చూశాడు. పెద్దక్క పెదాల్లా చీలి ఉన్నాయవి.

ఏదో అంటాడనుకుంది. మెమో తర్వాత ఆయన ఆమెతో హారన్‌తో తప్ప మాట్లాడలేదు. కడ్డీతో టైరు మీద రెండు దెబ్బలు కొట్టి, వెళ్ళిపోయాడు.

ఇంట్లో భర్త ఖాళీ సీసా ఎత్తి చూసి, “అద్దీ!” అన్నాడు. ఆ రాత్రి అన్నం తనే వడ్డించాడు. ఆమె రెండు ముద్దలు తిని లేచింది. ఒంట్లో వెచ్చగా ఉంది. నడుం పక్కన ముల్లు కాదు, ఇప్పుడు మేకే ఉన్నట్టుంది.

*

తర్వాతి రోజు ఉక్కపోత. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. మధ్య స్టాపులో ఒక పెద్దావిడ ఎక్కింది. ఒక చేతిలో ఆసుపత్రి సంచీ, ఇంకో చేతిలో కర్ర. ఎక్కడం ఎక్కడమే తగాదా.

“లేవవయ్యా, ముసలిదాన్ని కనపడట్లేదూ! ఫోన్‌లో మొహం పెట్టుకుంటే పెద్దాళ్ళు మాయమైపోతారనుకుంటున్నావా?”

ఆ కుర్రాడు లేచాడు. ఆవిడ కూర్చుని, టికెట్ కొట్టడానికి వంగిన కండక్టరు చెయ్యి తగలగానే మొహం పైకెత్తింది. “ఏమమ్మోయ్, ఒళ్ళు కాలిపోతోంది నీకు. ఇలా ఎలా వచ్చావు డ్యూటీకి?”

“టికెట్ ఎక్కడికమ్మా?”

“ఆసుపత్రికే. నువ్వూ దిగు నాతో, పడిపోయేలా ఉన్నావు.”

కండక్టరు జవాబు చెప్పకుండా ముందుకి కదిలింది. పడిపోకుండా ఉండటానికి ఒక్కో సీటు కడ్డీ పట్టుకుంటూ డ్రైవరు వెనక దాకా వచ్చింది. అద్దంలో ఆయన కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఎప్పట్నుంచి చూస్తున్నాడో.

ఆసుపత్రి స్టాపు వచ్చింది. రోజూ ఆగే చోట ఆగలేదు బస్సు. ఇంకాస్త ముందుకెళ్ళి, గేటుకి ఎదురుగా, గాజు తలుపులు కనపడేచోట ఆగింది. ఇంజను కూడా ఆగిపోయింది. డ్రైవరు తాళంచెవి తీసి జేబులో వేసుకుని, కిందికి దిగి, ముందు మూత పైకెత్తి కడ్డీ ఆనించాడు.

“ఏమైంది?” అన్నారు లోపలనుంచి.

“ఇంజను వేడెక్కింది. చల్లారేదాకా కదలదు.”

గొడవ మొదలవుతుందని ఆమె కడ్డీ గట్టిగా పట్టుకుంది. ఎవరూ అరవలేదు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. మెళ్ళో టై కట్టుకున్న ఒకాయన కిందికి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంజనులోకి తొంగిచూశాడు. 

“పాపం, పాత బండి. తొందరపడకండి డ్రైవరుగారూ. నీళ్ళు లేకుండా నడిపితే మొత్తం పట్టేస్తుంది, తర్వాత ఎంత తగలేసినా బాగవదు.”

“అంతేనండి” అన్నాడు డ్రైవరు.

“నిదానంగానే పోదాం. యంత్రమైతే మాత్రం, దానికీ ఓపికుండాలి కదా!” అందొకావిడ.

కండక్టరు సీసా చేత్తో పట్టుకుని దిగి ముందుకొచ్చింది. పొగ లేదు, ఆవిరి లేదు. ఇంజను మామూలుగానే ఉంది. డ్రైవరు ఆమె వైపు చూడకుండానే, శుభ్రంగా ఉన్న గొట్టాన్నే పొడి గుడ్డతో తుడుస్తూ అన్నాడు: “పెద్దావిడ దిగుతోంది. చెయ్యి పట్టుకుని లోపల దిగబెట్టి రా. ఇక్కడ తొందరేం లేదు.”

పెద్దావిడ మెట్టు మీద కర్ర తాటించి నిలబడి ఉంది. కండక్టరు చెయ్యి అందించింది. ఎవరు ఎవర్ని పట్టుకుని నడుస్తున్నారో చెప్పడం కష్టంగా ఉంది, ఇద్దరూ అలాగే తూలుతున్నారు.

తలుపు దగ్గర పెద్దావిడ సంచీలోంచి చీటీ తీసి చూపించింది. సెక్యూరిటీ అతను కండక్టరుని చూసి తడబడ్డాడు. “ఈవిడెవరమ్మా?”

పెద్దావిడ ఒకసారి పక్కకి చూసింది. ఎండిన పెదాలూ, జ్వరం కళ్ళూ, బిగించి పట్టుకున్న కుచ్చిళ్ళూ చూసింది. 

“నా కోడలు.”

“యూనిఫాంలో…”

“అయితే? కోడళ్ళు ఉద్యోగం చెయ్యకూడదని మీ ఆసుపత్రిలో రూలుందా? జరుగు. నిలబడలేను నేను.”

అతను జరిగాడు. జరుగుతూ, తలుపు కూడా తనే పట్టుకున్నాడు.

హాల్లో ఆకుపచ్చ కోటు ఎదురొచ్చింది. కౌన్సిలరు మొదట కండక్టరుని చూసింది, నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. చుట్టూ పేషెంట్లున్నారు. పెదాలు సాగదీసుకుని పెద్దావిడ వైపు తిరిగింది. “ఆంటీ, చెప్పినట్టు నీళ్ళు బాగా తాగుతున్నారా?”

“ముందు బాత్రూం ఎటో చెప్పు. బస్సెక్కే రోజున నేను పొద్దుట్నుంచీ చుక్క ముట్టను. అయినా ప్రాణం పోతోంది.”

కౌన్సిలరు చెయ్యెత్తి దారి చూపించింది. చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. “మీకు జ్వరంలా ఉంది” అంది కండక్టరుతో, మెల్లగా. “గ్రీన్ అన్నారు కదా…”

“నువ్వే పెట్టావమ్మా గ్రీన్” అంది కండక్టరు. “డ్యూటీ దిగి వస్తాను. డాక్టరుకి చూపించు. సీసా ఖాళీ అయింది నిజమే, తాగింది మట్టి. అది రాసుకో. ఎందుకు ఒంపానో కూడా రాస్తేనే ఆ ‘సహకరించడం లేదు’ అన్నది రాయి.”

ఆ పిల్ల ట్యాబ్ గుండెలకి హత్తుకుని నిలబడిపోయింది. 

ఇద్దరూ పక్కపక్క గదుల్లోకి వెళ్ళారు. గోడకి అటునుంచి పెద్దావిడ, “అమ్మయ్య!” అని పెద్దగా నిట్టూర్చింది. ఇటునుంచి కండక్టరుకి నవ్వొచ్చింది, నడుం పక్కన పోటుగా ఉన్నా నవ్వొచ్చింది. చేతులు కడుక్కుని బయటికొచ్చి, హాల్లో ఫిల్టరు కింద సీసా నింపి, గీతలు చూడకుండా, ఊపిరి తీసుకోకుండా సగం దాకా తాగింది. గడ్డం మీదుగా కారి యూనిఫాం తడిసింది. ఎవరూ ఏమీ అనలేదు.

“మందులు రాయించుకుని ఇక్కడే కూర్చుంటాను. నీ బస్సు మళ్ళీ ఇటే వస్తుందిగా” అంది పెద్దావిడ కుర్చీలో సర్దుకుంటూ. “వచ్చినప్పుడు చెయ్యందించు. కోడలివి కదా.”

బయట టై ఆయన ఇంకా ఇంజను పక్కనే ఉన్నాడు. “చల్లారినట్టేనా?” అని అడిగాడు.

డ్రైవరు చేతులు తుడుచుకుని కండక్టరు మొహంలోకి చూశాడు. ఎన్నో రోజుల తర్వాత సూటిగా చూడటం అదే. “చల్లారిందా?”

“చల్లారింది బాబాయ్.”

ఆయన మూత దించాడు. అందరూ ఎక్కారు. సీట్లో కూర్చుని తాళంచెవి పెడుతుంటే ఆమె వెనక నుంచి వంగి, మెల్లగా అడిగింది: “మళ్ళీ మెమో ఇస్తారేమో?”

“ఆడమనిషి కోసం ఆపితే ఇస్తారు” అన్నాడాయన, అద్దం సర్దుకుంటూ. “బండి కోసం ఆపితే ఎవడిస్తాడు? పాత బండి. ఇక రోజూ వేడెక్కుతుంది. పెద్దక్క బండి కూడా వేడెక్కుతుందేమో, వాళ్ళ డ్రైవరుకి చెప్పి చూస్తాను.”

ఆమె బెల్లు లాగింది.